అత్యంత కఠిన స్థాయిలో ఆట గెలవాలంటే

వీడియో గేములో డిఫికల్టీ మెనూ తెరిచి అన్నిటికంటే అడుగున ఉన్న పేరు మీద నొక్కే ముందు, ఆ పేరు వెనుక ఆట ఏం మార్చిపెట్టిందో తెలుసుకోవాలి. చాలామంది ఈ పని చేయరు. మధ్య స్థాయిలో ఆట పూర్తయింది కనుక ఇంకాస్త చురుగ్గా ఆడితే పై స్థాయి కూడా పూర్తవుతుందనుకుని మొదలుపెడతారు; మొదటి బాస్ (దశ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరే రెండు రాత్రులు గడిపి, కంట్రోలర్ పక్కన పడేసి, ఆట అన్యాయంగా ఉందని తీర్మానిస్తారు. కొన్ని ఆటలు నిజంగానే అన్యాయంగా ఉంటాయని ఒప్పుకోవలసిందే. 1993లో వచ్చిన డూమ్‌కు మరుసటి ఏడాది చేర్చిన నైట్‌మేర్ స్థాయిని ఎంచుకుంటే, ఇందులో న్యాయం అనేది మచ్చుకైనా ఉండదు, నిజంగానే ఆడతారా అని ఆటే ఎదురు ప్రశ్న వేస్తుంది. అయినా ఆ స్థాయిని గెలిచినవారు ఉన్నారు. వారి చేతివేగం అందుకు కొంతవరకే కారణం. ఆట విధించే శిక్ష ఏ రకానిదో ముందు గుర్తించి, దానికి తగిన సాధన చేయడమే అసలు కారణం. శిక్షలు ప్రధానంగా నాలుగు రకాలు: అంకెలు పెంచడం, నియమాలు మార్చడం, తెరమీది సమాచారాన్నీ చేతిలోని సామగ్రినీ తగ్గించడం, సేవ్ చేసుకునే హక్కును తీసివేయడం.

అంకెలు పెంచడం వీటిలో సాదా పద్ధతి. శత్రువు హెల్త్ (ప్రాణబలం) పెరుగుతుంది, అతడి దెబ్బకు మన హెల్త్ ఎక్కువగా తగ్గుతుంది, తక్కినదంతా మామూలే. చూడడానికి చిన్న మార్పులా ఉన్నా, ఒక్క అంకె తేడాతో ఆటతీరు మొత్తం తలకిందులయ్యే సందర్భాలు ఉంటాయి. సైనికులను వంతులవారీగా నడిపే 2012 నాటి ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్‌లో క్లాసిక్ స్థాయి వరకు సెక్టాయిడ్ అనే చిన్న గ్రహాంతరవాసి హెల్త్ మూడు పాయింట్లు, మామూలు గ్రెనేడ్ తీసేది కూడా మూడే, పైగా గ్రెనేడ్‌కు గురి తప్పడమనేది లేదు. అందుకే ఆట తొలి నెలల్లో గ్రెనేడ్ ఉన్న సైనికుడికి ఒక శత్రువు చచ్చినట్టే లెక్క. ఇంపాజిబుల్ స్థాయిలో అదే సెక్టాయిడ్‌కు నాలుగు పాయింట్లు. గ్రెనేడ్ పడ్డాక ఒక్క పాయింటుతో బతికి, తన వంతులో తిరిగి కాలుస్తుంది. కాబట్టి ఈ స్థాయిలో గ్రెనేడ్‌ను చంపడానికి వాడకుండా, శత్రువు దాక్కున్న గోడను పగలగొట్టడానికి వాడి, తరువాత ఇద్దరు సైనికులతో కాల్పించడం నేర్చుకోవాలి. మన సైనికులను కూడా సగం ఎత్తు అడ్డు వెనుక వదిలేయరాదు. సగం అడ్డుకు 20, పూర్తి అడ్డుకు 40 పాయింట్ల రక్షణ లభిస్తుంది, ఇంపాజిబుల్‌లో ఆ తేడాయే సైనికుడి ప్రాణం. అడుగు కనిపించని చీకటి ప్రదేశంలోకి వంతులో చివరి సైనికుడిని పంపడం మరో ప్రమాదం. కొత్త శత్రువులు బయటపడితే వారిని ఎదుర్కోవడానికి ఆ వంతులో ఇంకెవరూ మిగిలి ఉండరు. ముందుకు తొలి అడుగు వేసేది ఎప్పుడూ మొదటి సైనికుడే కావాలి.

అంకెలు పెరిగే ఏ ఆటలోనైనా మొదటి అరగంట గెలుపు కోసం కేటాయించకుండా లెక్క కోసం కేటాయించడం మంచిది. సాధారణ శత్రువు ఎన్ని దెబ్బలకు చస్తున్నాడు, అతడి ఎన్ని దెబ్బలకు మనం చస్తున్నాం అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు. మూడు దెబ్బలకు చచ్చేవాడు నాలుగు దెబ్బలు అడుగుతున్నాడంటే, పాత అలవాటుతో మూడో దెబ్బ కొట్టి పక్కకు తిరిగిన క్షణంలో మన పని అయిపోతుంది. అంకెల శిక్ష వ్యూహపు ఆటల్లో మరో వేషంలో వస్తుంది. సివిలైజేషన్ 6లో డైటీ స్థాయిని ఎంచుకుంటే కంప్యూటర్ నడిపే రాజ్యాలకు తెలివి పెరగదు. మనం నగరం స్థాపించే ఒక్క సెట్లర్‌తో మొదలుపెడితే వాటికి మూడు సెట్లర్లు ఇస్తారు. అంటే మొదటి యుగంలో వాటి సైన్యం మనకంటే ఎక్కువగా ఉండక తప్పదు. అక్కడ చేయవలసింది అద్భుత కట్టడాల మీద ఆశ వదులుకుని, విలుకాండ్రను త్వరగా తయారుచేసి, పొరుగు రాజ్యం తొలి దాడిని నగరం లోపలినుంచే విరగగొట్టడం. ఆ దాడి గడిచిందంటే, యుద్ధం నడపడంలో కంప్యూటర్ చేసే పొరపాట్లు తరువాతి యుగాల్లో మనకే కలిసొస్తాయి. ఇంకొక మాట: శత్రువు తలమీద ఎన్ని తూటాలు దించినా కదలకుండా నిలబడడమే కష్టం అనుకునే ఆటలు కూడా ఉన్నాయి. అవి నేర్పేది ఏమీ ఉండదు కాబట్టి వాటిని మధ్య స్థాయిలో ఆడి ముగించడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

రెండో రకం శిక్ష, అంటే నియమాలే మారిపోవడం, ఆడదగినదీ, నిజంగా భయపెట్టేదీ. డూమ్ నైట్‌మేర్‌లో శత్రువులు వేగంగా దాడి చేయడం ఒక ఎత్తయితే, చచ్చినవారు కొంతసేపటికి తిరిగి లేవడం మరో ఎత్తు. గది ఖాళీ చేసి ముందుకు వెళ్లాలన్న అలవాటు అక్కడ చెల్లదు. తూటాలు రెట్టింపు దొరుకుతాయి గానీ వాటిని అందరిమీద ఖర్చు చేయడానికి అవి చాలవు. కాబట్టి తేలికపాటి స్థాయిలో ఆ మ్యాపును ముందు నడిచి, ఏ తలుపు ఏ తాళంచెవికి తెరుచుకుంటుందో, మధ్యలో హెల్త్ ఎక్కడ దొరుకుతుందో కంఠతా పట్టి, నైట్‌మేర్‌లో దారికి అడ్డుపడినవారిని మాత్రమే కాలుస్తూ పరుగెత్తాలి. 2007 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ 4లోనూ ఇలాంటి కిటుకు ఉంది. కొన్ని చోట్ల శత్రువులు ఎంతమంది చచ్చినా కొత్తవారు వస్తూనే ఉంటారు. మనం ఒక గీత దాటి ముందుకు వెళ్లినప్పుడే ఆ రాక ఆగుతుంది. వెటరన్ స్థాయిలో గోడ వెనుక కూర్చుని అందరినీ ఏరివేద్దామనుకునేవారికి తెల్లవారినా ఆట తెమలదు. పొగ బాంబు విసిరి, తరువాతి అడ్డు ఎక్కడుందో ముందే చూసుకుని, ఆ గీత దాటడమే మార్గం. మరుసటి ఏడు వచ్చిన వరల్డ్ ఎట్ వార్‌లో ఒకేచోట కూర్చున్నవారి కాళ్ల దగ్గర గ్రెనేడ్లు వరుసగా వచ్చి పడతాయి కనుక అక్కడ ఈ పాఠం మరింత త్వరగా ఒంటబడుతుంది.

2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌లో గివ్ మీ గాడ్ ఆఫ్ వార్ అనే స్థాయి నియమం ఇంకా కఠినం. పోరాటం నడుస్తుండగానే శత్రువులు మరింత బలమైన రూపంలోకి మారి, పోయిన హెల్త్ తిరిగి తెచ్చుకోగలరు. అందరినీ తలా కొంచెం కొట్టుకుంటూ పోతే చివరికి అందరూ బలవంతులే అవుతారు. ఒకరిని ఎంచుకుని, అతడు పడేదాకా వదలకుండా, మిగతావారిని దూరంగా ఉంచే పనిని కథానాయకుడి కొడుకు అట్రియస్ బాణాలకు అప్పగించాలి. నింజా గైడెన్ బ్లాక్‌లోనైతే స్థాయి మారితే శత్రువుల రకమూ, వారు నిలబడే చోట్లూ మారతాయి. నార్మల్‌లో కంఠస్థం చేసింది మాస్టర్ నింజాలో అక్కరకు రాదు. అలాంటి ఆటలో ఒక్కో మెట్టూ ఎక్కాలి తప్ప మధ్య మెట్లు దూకి పైకి పోవడం కుదరదు.

సెకిరో సంగతి వేరే చెప్పాలి. 2019లో వచ్చిన ఆ ఆటకు డిఫికల్టీ మెనూయే లేదు, కానీ కఠినం చేసుకునే ఏర్పాట్లు కథలోనే ఉన్నాయి. రెండోసారి ఆట మొదలుపెట్టినప్పుడు కురో ఇచ్చిన తాయెత్తును తిరిగి ఇచ్చేస్తే, కత్తి అడ్డుపెట్టి కాచుకున్నా కొంత హెల్త్ పోతుంది. సరైన క్షణంలో తిప్పికొడితేనే దెబ్బ తగలదు. సెన్పో ఆలయం దగ్గరి దయ్యపు గంట మోగిస్తే శత్రువులు మరింత బలపడతారు, దొరికే వస్తువులూ పెరుగుతాయి. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు జడ్చర్ల నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఈ ఆట ముందు కూర్చుని, “మామా, నేను నొక్కుతనే ఉన్న, అయినా దెబ్బ తాకుతున్నది” అని వాపోయాడు. అతడు నొక్కుతూనే ఉండడమే అక్కడ ఇబ్బంది. తిప్పికొట్టే బటన్‌ను పదేపదే టపటపా నొక్కితే, ఆట దానికి ఇచ్చే వ్యవధిని తగ్గించేస్తుంది. తాయెత్తు లేకుండా ఆడాలనుకునేవారు ఒక్క దెబ్బకు ఒక్క నొక్కు అన్న అలవాటును ముందుగా చేసుకోవాలి. సెన్పో కాక వేరే ఉన్న పాడుబడిన ఆలయం దగ్గర చావే లేని హన్బే అనే పాత్ర సాధన కోసమే ఉన్నాడు. అతడితో రోజూ కొంతసేపు గడపడం బాస్‌తో గంటలు పోరాడడంకంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

సమాచారాన్నీ సామగ్రినీ తగ్గించే శిక్షకు ది లాస్ట్ ఆఫ్ అస్‌లోని గ్రౌండెడ్ స్థాయి సరైన ఉదాహరణ. తెరమీద హెల్త్ గీత ఉండదు, తూటాల లెక్క ఉండదు, గోడవతల ఉన్నవారిని చెవులతో పసిగట్టే సదుపాయం ఉండదు, దొరికే సామగ్రి అరకొర. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతు తన వంతు నీటిని లెక్కపెట్టుకున్నట్టు ఇక్కడ ప్రతి తూటానూ మనసులో లెక్కపెట్టుకోవాలి. ఒక ఇటుక లేదా సీసా చేతిలో లేకుండా శత్రువులున్న చోటికి వెళ్లరాదు. చెవులమీద ఆధారపడే ఆట కనుక టీవీ స్పీకర్లకు బదులు మంచి హెడ్‌ఫోన్లు వాడాలి. అడుగుల చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో వాటిలోనే స్పష్టంగా తెలుస్తుంది. తప్పించుకుని పోగల చోట పోరాడకపోవడం ఇందులో పిరికితనం అనిపించుకోదు.

ఇక నాలుగోది, సేవ్ తీసివేయడం, అంటే చచ్చాక పాత సేవ్‌కు వెనక్కి వెళ్లే వీలు లేకుండా చేయడం. ఎక్స్‌కామ్‌లో ఐరన్‌మ్యాన్, బాల్డర్స్ గేట్ 3లో 2023 చివర చేర్చిన హానర్ మోడ్, డయాబ్లో 2లో హార్డ్‌కోర్, మైన్‌క్రాఫ్ట్‌లో హార్డ్‌కోర్, ఇవన్నీ ఈ కోవకు చెందినవే. పిల్లలు ఎక్కువగా ప్రయత్నించేది మైన్‌క్రాఫ్ట్ కనుక దాని గురించి కొంత వివరంగా చెబుతాను. హార్డ్‌కోర్‌లో డిఫికల్టీ హార్డ్ దగ్గర బిగించి ఉంటుంది, చస్తే ఆ ప్రపంచంలో తిరిగి ఆడడం ఉండదు. హార్డ్‌లో జాంబీలు చెక్క తలుపులు బద్దలు కొట్టగలవు కాబట్టి తొలి రాత్రి ఇంటి గుమ్మాన్ని మట్టితోనైనా మూసివేయాలి. ఈజీ, నార్మల్ స్థాయిల్లో ఆకలి మనల్ని చంపదు, హార్డ్‌లో చంపుతుంది. తిండి నిల్వ లేకుండా గుహల్లోకి దిగరాదు. ఆరు పలకలు, ఒక ఇనుప కడ్డీ దొరకగానే మొదట డాలు చేసుకోవాలి, బాణాలనూ క్రీపర్ అనే శత్రువు పేలుళ్లనూ అది ఆపుతుంది. నీళ్ల బకెట్ ఎప్పుడూ చేతికి అందే గడిలో ఉండాలి. కాళ్ల కింది బ్లాకును నేరుగా తవ్వరాదు, పాతాళ లోకమైన నెదర్‌లో మంచం వేయరాదు, అక్కడ అది పేలుతుంది. సేవ్ లేని ఏ ఆటలోనైనా చావు తెచ్చేది పెద్ద బాస్ కన్నా, అలసిపోయి అజాగ్రత్తగా వేసిన ఒక చిన్న అడుగే ఎక్కువ. కాబట్టి నిద్ర వస్తున్నప్పుడు ఆట ఆపేయడం ఇక్కడ వ్యూహంలో భాగమే.

ఈ రకం ఆట మొదలుపెట్టే ముందు మన ప్రాంతంలో కరెంటు గురించీ ఎండ గురించీ ఆలోచించక తప్పదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే నల్గొండ నుంచి నారాయణపేట దాకా ఎక్కడైనా కరెంటు పోవచ్చు. ఆట సేవ్ ఫైల్ రాస్తున్న క్షణంలోనే కరెంటు పోతే ఆ ఫైలే చెడిపోయే ప్రమాదం ఉంది, ఒక్కటే ఫైల్ ఉన్న ఐరన్‌మ్యాన్‌కు అది చావుతో సమానం. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సరిపోదు. మామూలు మోడ్‌లో అది అందుకునేలోపే డెస్క్‌టాప్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు పెట్టాలి, లేదా కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ కొనాలి. ఆట మూసివేసిన తరువాత సేవ్ ఫోల్డర్‌ను వేరేచోటికి నకలు చేసుకోవడం కూడా అవసరమే. కరెంటు వల్ల ఫైల్ చెడితే ఆ నకలు వాడుకోవడం న్యాయం. శత్రువు చేతిలో చచ్చినప్పుడు వాడుకుంటే ఐరన్‌మ్యాన్ ఆడినట్టు కాదు.

మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే ఊళ్లలో మధ్యాహ్నం పూట ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుని ఆడితే, అది వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. తేలిక స్థాయిలో అది విసుగు మాత్రమే, తిప్పికొట్టే క్షణం మీద ఆధారపడిన ఆటలో మాత్రం అది ఓటమి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, ఫ్రేములు 60కీ 35కీ మధ్య ఊగుతుంటే చేతికి లయ కుదరదు. బొమ్మల నాణ్యత తగ్గించి, ఫ్రేములను ఒకే సంఖ్య దగ్గర నిలకడగా ఉంచడం మేలు. ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద కొంచెం ఎత్తుగా పెట్టాలి. ఎయిర్ కూలర్ తడిగాలిని నేరుగా యంత్రం మీదికి తిప్పరాదు. టీవీ మీద ఆడేవారు సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టుకోవాలి, లేకపోతే బటన్ నొక్కడానికీ తెరమీద కదలికకూ మధ్య ఆలస్యం పెరుగుతుంది.

నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ గంట లెక్కన డబ్బు తీసుకునే గేమింగ్ సెంటర్లలో ఆడేవారు సేవ్ లేని మోడ్‌ల జోలికి పోకపోవడమే మంచిది. గంట అయిపోతోందన్న తొందరలో వేసే అడుగే అక్కడ చంపుతుంది. చెక్‌పాయింట్లు (చచ్చాక తిరిగి మొదలయ్యే చోట్లు) దగ్గరదగ్గరగా ఉండే ఆటలు సెంటర్‌కు తగినవి. సెంటర్ వారి ఖాతాలో ఆడితే మరొకరు మన ఆటపై కొత్త ఆట సేవ్ చేసే అవకాశం ఉంది కనుక సొంత ఖాతాతో ప్రవేశించి, లేచేటప్పుడు తప్పక ఆ ఖాతానుంచి బయటికి రావాలి. పీఎస్4 (ప్లేస్టేషన్ 4) సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేసుకోవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌లకు ఆ వీలు లేదు.

సాధన ఎలా చేయాలన్నదానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి ఇది. మొదట ఆటను మధ్య స్థాయిలో చివరిదాకా ఆడాలి. పై స్థాయిలో చచ్చిన ప్రతిసారీ, చావుకు పది సెకన్ల ముందు ఏం చేశామో చూడాలి. పీఎస్4 ఎటువంటి మార్పూ చేయకుండానే చివరి 15 నిమిషాల ఆటను నిల్వ ఉంచుతుంది, షేర్ బటన్‌తో దాన్ని తీసి చూడవచ్చు. తప్పు సాధారణంగా చచ్చిన క్షణంలో ఉండదు; అంతకు ముందే హెల్త్ తాగకుండా ఇంకొక్క దెబ్బ కొడదామని ఆశపడిన చోట ఉంటుంది. ఎక్కడ, ఎవరి చేతిలో, ఏం చేస్తూ చచ్చామో ఒక నోటుబుక్కులో రాస్తే, నాలుగైదు చావులకే అదే ఆశ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కొత్త బాస్ దగ్గర మొదటి కొన్ని ప్రయత్నాల్లో కత్తి ఎత్తకుండా, అతడి దెబ్బలను తప్పించుకోవడం మాత్రమే చేయాలి. ఒకే చోట ఒకే విధంగా వరుసగా చస్తుంటే లేచి ఇంటి పని ఏదైనా చూసుకోవడం మంచిది. మరునాడు పొద్దున అదే చోట చేయి తేలిగ్గా ఆడుతుంది.

ఇద్దరు కలిసి ఆడితే సులువవుతుందన్న అంచనా అన్నిచోట్లా నిజం కాదు. 2004 నాటి హేలో 2లో లెజెండరీ స్థాయిలో ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకరు చచ్చినా ఇద్దరూ చెక్‌పాయింట్‌కు వెనక్కి వెళ్తారు. ఒక్క తూటాతో తల ఎగరగొట్టే జాకల్ స్నైపర్లు ఉన్న మ్యాపుల్లో అన్నదమ్ముల మధ్య గొడవలు రావడానికి ఈ ఒక్క నియమం చాలు. స్నైపర్లు నిలబడే చోట్లు మారవు కాబట్టి, ఒకడు చచ్చి చూసిన చోటును ఇంకొకడు గుర్తుపెట్టుకుని మరుసటిసారి ముందే కాల్చాలి. కవచం ధరించే ఎలైట్ శత్రువుల విషయంలో పని పంచుకోవాలి: ఒకడు ప్లాస్మా పిస్టల్‌ను పూర్తిగా నింపి వదిలి కవచాన్ని కూల్చితే, రెండోవాడు బ్యాటిల్ రైఫిల్‌తో తలమీద కాల్చాలి.

కఠిన స్థాయిలకు కొత్తవారైతే స్లే ద స్పైర్ అనే కార్డుల ఆటతో మొదలుపెట్టమని చెబుతాను. అందులో అసెన్షన్ పేరుతో 20 మెట్లు ఉన్నాయి. ఒకటి గెలిస్తేనే తరువాతిది తెరుచుకుంటుంది, ఒక్కో మెట్టులో ఒక్కో కొత్త ఇబ్బంది చేరుతుంది, 20వ మెట్టులో మూడో అంకం చివర ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు బాస్‌లు ఎదురవుతారు. వంతులవారీ ఆట కాబట్టి చేతివేగం అక్కరలేదు, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, శిక్ష ఏ రకానిదో చదివి ఆలోచించే అలవాటు దానంతట అదే వస్తుంది. చేతివేగం కావలసిన ఆటలకు వెళ్లేటప్పుడు, మధ్యలో స్థాయి తగ్గించుకునే వీలుందో లేదో ముందే చూసుకోవాలి. గాడ్ ఆఫ్ వార్‌లో ఆ కఠిన స్థాయిని ఎంచుకున్నాక మార్చడానికి వీలుండదు, కొత్త ఆట మొదలుపెట్టాల్సిందే. కథానాయకుడి గొడ్డలికి పెద్దగా విద్యలేవీ లేని తొలి గంటలే అందులో అన్నిటికంటే కష్టం. అందువల్ల మామూలు స్థాయిలో కథ ముగించి, 2018 ఆగస్టులో చేర్చిన న్యూ గేమ్ ప్లస్‌లో ఆ స్థాయిని ఎంచుకోవడం తెలివైన పని. శత్రువులూ బలపడతారు గానీ, నేర్చిన విద్యలూ సంపాదించిన కవచాలూ మొదటి పోరాటం నుంచే చేతిలో ఉంటాయి.